నూట నలభై నాలుగో పిట్ట

నేను ఈ పనిలోకి దిగిన రోజు నా జేబులో ఉన్నది సరిగ్గా నాలుగు వందల పన్నెండు. ఆ పన్నెండు కూడా చెప్పాలా అంటారేమో సార్, పన్నెండు దాచేవాడు నాలుగు వందలూ దాస్తాడు, మన దగ్గర ఆ వేషాలు లేవు. ఆఫీసు లేదు, బోర్డు లేదు, ఉన్నది ఒక పాత కంప్యూటరు, దానికీ ఒక బటన్ ఊడిపోతే అగ్గిపుల్లతో నొక్కేవాణ్ణి. ఈ టీ కొట్టు బల్లే నా ఆఫీసు, ఎదురుగా ఉన్న ప్రెస్సే నా ఫ్యాక్టరీ, ఇదిగో ఈ కటింగ్ మావయ్యే నా స్టాఫు మొత్తం.

"నేను ప్రెస్సు ఓనరు స్టాఫుని. నీ స్టాఫుని ఎప్పుడయ్యానురా?" అన్నాడు కటింగ్ మావయ్య.

ప్రెస్సులో కాగితం కోసే మిషను మావయ్యది. ముప్పై ఏళ్ళుగా కోస్తున్నా పది వేళ్ళూ భద్రంగా ఉన్నాయి, పనితనానికి అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి? ఇక నేను సార్ సార్ అంటున్నది తేనె వ్యాపారం ఆయన్ని. ఐదు వందల సీసాలకి లేబుళ్ళు వేయించుకోవాలని ప్రెస్సు వెతుక్కుంటూ వచ్చారు, నేను వీధి దాటనివ్వకుండా పట్టుకుని టీ ఇప్పించాను. ఆయన గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆ ఐదు వందలూ నావి కావాలి. అదీ నా లెక్క.

ఆయన గ్లాసుని వెలుగులోకి పెట్టి చూసి, "భలే తళతళలాడుతోందే," అన్నారు.

"మా అక్క చెయ్యి సార్ అది," అన్నాడు టీ బాబాయ్, కుళాయి దగ్గర మాకు వీపు పెట్టి గ్లాసులు కడుగుతున్న ఆవిణ్ణి చూపించి. "ఆదివారాలు పెద్ద హాల్లో కూడా కడిగేది. పోయిన నెల అక్కడ తీసేశారు. ఇంటి అద్దె అంతా ఆ ఆదివారాల మీదే వెళ్ళేది పాపం. ఎందుకు తీసేశారంటే మాత్రం చెప్పదు."

సరే సార్, గ్లాసుల సంగతి కాదు, సీసాల సంగతికి రండి. నాలుగు వందల పన్నెండు పెట్టుకుని కూర్చున్నానా, అప్పుడొచ్చింది ద్రాక్షతోట పెద్దమ్మ. ఇరవై ఏళ్ళు తన తోటలో పండిన పండంతా తూకం వేసి పెద్ద ఫ్యాక్టరీకి పోసింది, ఏ సీసాలో కలిశాయో ఆవిడకే తెలీదు. ఈ ఏడు మొదటిసారి తనే పిండి, తనే పులియబెట్టి, తనే సీసాల్లో నింపింది. తెల్ల వైన్. "బాబూ, నా పేరు చూసి ఎవరు కొంటారు, బొమ్మ చూసి కొనాలి, ఆ బొమ్మేదో నువ్వు వెయ్యి," అంది.

నేను మామూలోణ్ణి కాదు కదా, పెన్సిల్ తీసే ముందు టేపు తీశాను. సీసా చుట్టుకొలత ఇరవై నాలుగు సెంటీమీటర్లు. ఎదురుగా నిలబడ్డవాడికి కనపడేది ఎనిమిది, మిగతా పదహారూ వెనక గోడ చూసుకోవాల్సిందే. షాపులో మనిషి చూపు ఒక సీసా మీద ఆగేది రెండు సెకన్లు. అంటే ఎనిమిది సెంటీమీటర్లలో, రెండు సెకన్లలో తేలిపోవాలి యవ్వారం. పక్క సీసాలు చూశాను, అన్నిటి మీదా కోటలే. తీరా చూస్తే వాళ్ళలో సగం మందికి అద్దె ఇల్లు, లేబుల్ మీద మాత్రం బురుజులు! నేనేం వేశానో తెలుసా?

"ఏం వేశారు?" అన్నారు తేనె ఆయన. టీ ఒక గుక్క తగ్గింది.

దొంగని వేశాను సార్! ఆవిడ తోటలో గుత్తులు కొట్టుకుపోయే పిట్ట ఒకటుంది, జానెడు లేదు, ఇరవై ఏళ్ళుగా ఆవిణ్ణి ఏడిపిస్తోంది. చిలక కొట్టిన జాంపండు తియ్యగా ఉంటుందని చిన్నపిల్లాణ్ణడిగినా చెప్తాడు, మరి పిట్ట కొట్టిన ద్రాక్ష? ఖాళీ తెల్ల కాగితం, అడుగున సన్నగా తోట పేరు, మధ్యలో ఒక్క పిట్ట, ముక్కున ఒక్క పండు, తల పక్కకి తిప్పి మనల్నే చూస్తుంటుంది, పట్టుకో చూద్దాం అన్నట్టు. పెద్దమ్మ చూసి నవ్వి, నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వెధవది, అచ్చం ఇలాగే చూస్తుంది," అంది.

"అది నిజం. బొమ్మ బాగా వచ్చింది," అన్నాడు కటింగ్ మావయ్య. "కాగితం సంగతి కూడా చెప్పు మరి."

కాగితం సంగతి తర్వాత మావయ్యా, కథకి అడ్డం పడకు. ప్రూఫు తీసి ప్రెస్సులో బల్ల మీద ఆరబెట్టానా, అక్కడున్న పిల్లి ఆ పిట్టని చూసి ఒక్క దూకు దూకింది!

"ప్రెస్సులో పిల్లెక్కడిదిరా?"

ఆ రోజు నుంచే లేదు! మొహం వెళ్ళి బల్లకి కొట్టుకుంటే, పరువు పోయి ఊరు వదిలేసింది. నవ్వకండి సార్, అది ఆరంభం. ముందుగా ఒక డజను సీసాలు మూల మీద కొట్లో పెట్టించాను. ఉప్పు కొనడానికి వచ్చినవాడు వైన్ పట్టుకెళ్ళాడు, ఇంట్లో ఆవిడ ఉప్పేదీ అంటే పిట్టని చూపించాడు, ఆవిడ ఆ పూట ఉప్పు లేకుండానే వండింది. మందు వాసన వస్తే వీధి మారే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఆరు సీసాలు కొని, లోపలిది మొక్కలకి పోసి, ఖాళీ సీసాలు పుస్తకాల అరలో నిలబెట్టుకున్నారు. ఆ మొక్కలు వారం రోజులు తూలుతూ పెరిగాయి.

బల్ల మీద బోర్లా పెట్టిన నా ఫోను గుర్రుమంది. నేను చూడలేదు.

"ఫోను," అన్నారు తేనె ఆయన.

పక్క దేశం కంపెనీ సార్, రోజూ చేస్తారు, నా డిజైన్లు కావాలట. మన ఊరి తేనె మిగలాలి కదా ముందు! ఎక్కడున్నాం? ఆఁ, మొక్కలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద హాల్లో రుచి పోటీ పెట్టారు. పేరున్న హోటళ్ళవాళ్ళు పాతికమంది వస్తారు, అందరి వైన్లూ ఒక్కో గుక్క తాగి చూస్తారు, నచ్చిన సీసా పేరు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. ఎవరి పేరు ఎక్కువ వస్తే ఏడాది పొడవునా వాళ్ళ సరుకే. పెద్దమ్మ ఇరవై ఏళ్ళు ఎదురుచూసింది ఆ ఒక్క మధ్యాహ్నం కోసం. పన్నెండు బల్లలు, బల్లకో ఐసు తొట్టి, తొట్టికి మన సీసాలు పన్నెండు. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు సీసాలు, నూట నలభై నాలుగు పిట్టలు, రెండు వందల ఎనభై ఎనిమిది రెక్కలు. ఆ లెక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. సీసాలు మెడదాకా ఐసునీళ్ళల్లో మునిగి ఉన్నాయి. రెండు గంటలు మునిగి ఉన్నాయి. ఆ తొట్టెల దగ్గర...

"ఆ తొట్టెల దగ్గర?" అన్నాడు బాబాయ్, టీ వడకడుతూ.

ఏం లేదు, గొంతు ఆరింది. నాకూ ఒకటి పొయ్యి బాబాయ్.

తొట్టెల దగ్గర చల్లదనానికి పిట్టలకి ప్రాణం లేచొచ్చింది సార్! మొదట ఒకటి తల విదిల్చింది. పక్కది తోక ఆడించింది. ఒక హోటలాయన సీసా పైకెత్తి చూశాడు, సీసా ఉంది, లేబుల్ లేదు! పైకి చూశాడు, దీపం చుట్టూ పిట్ట తిరుగుతోంది! ఇంకేముంది, ఒకదాన్ని చూసి ఒకటి, నూట నలభై నాలుగూ బుర్రున లేచాయి. రెండు వందల ఎనభై ఎనిమిది రెక్కలు ఒక్కసారి ఆడితే గాలి ఎంతుంటుంది? ఫ్యాన్లు ఆపేశారు. హాల్లో నాలుగు డిగ్రీలు తగ్గింది. ఒక జడ్జీగారి నెత్తి మీది జుట్టు లేచి ఎదుటి జడ్జీగారి నెత్తిన కూర్చుంది, ఆయనకే బాగా నప్పిందని ఈయన కూడా అడగలేదు!

తేనె ఆయన పగలబడి నవ్వారు. టీ సగానికి వచ్చింది. నవ్వినవాడు ఆర్డరిస్తాడు, అది కూడా నా లెక్కల్లో ఒకటి. ఫోను మళ్ళీ గుర్రుమంది.

మంత్రిగారి పి.ఏ. సార్. ఆయనకీ ఓపిక ఎక్కువే.

ఇక వినండి. ఆ పిట్టలు ఊరికే ఎగరలేదు. ఒక్కో గ్లాసు మీద వాలి ఒక్కో చుక్క తాగి చూశాయి. ఫ్యాక్టరీవాళ్ళ వైన్ తాగిన పిట్ట తుమ్మింది. పెద్దమ్మ వైన్ తాగినవి మాత్రం వరస కట్టాయి, కట్టి, పన్నెండుకో వరస చొప్పున పన్నెండు వరసలు, కవాతు చేసుకుంటూ వచ్చి పెద్దమ్మ చుట్టూ గొడుగులా నిలబడ్డాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఒక రాజుగారు, పేరు చెప్పకూడదు, తన వేలి ఉంగరం తీసి పిట్ట మెడలో వేశాడు. కిటికీలు తెరిచారు. పిట్టలు బారులు తీరి ఆకాశంలోకి లేచాయి. ఎదురుగా విమానం వస్తోంది. పైలట్ చూశాడు, ఒక్క క్షణం ఆలోచించాడు, బ్రేకు వేసి...

"విమానానికి ఆకాశంలో బ్రేకేంట్రా!" అన్నాడు మావయ్య.

వేశాడు మావయ్యా, నువ్వు చూడలేదు! వేసి, పక్కకి జరిగి దారిచ్చాడు. ఇప్పుడా పిట్టలు పెద్దమ్మ తోటకి కాపలా. వేరే పిట్ట వస్తే గుర్తింపు కార్డు అడుగుతున్నాయి!

మూడోసారి ఫోను మోగింది. మోగుతూ మోగుతూ బల్ల అంచుకి జరిగి కింద పడబోతే బాబాయ్ పట్టుకున్నాడు.

"రాజుగారేనేమో," అన్నారు తేనె ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

"ఈ రాజుగారి పేరు 'పెద్దమ్మ, ఎత్తకు' అని ఉందేంట్రా?" అన్నాడు బాబాయ్. "పదకొండు మిస్డ్ కాల్సు."

వేరే పెద్దమ్మ బాబాయ్, చుట్టాలావిడ, పెళ్ళి సంబంధాలంటూ తినేస్తోంది. అన్నాను కానీ చెవులు వేడెక్కడం నాకే తెలుస్తోంది. గబగబా తేనె ఆయన వైపు తిరిగాను. మీకూ అలాంటిదే వేస్తాను సార్, తేనెటీగ, సీసా తెరవగానే ఝుమ్మని లేస్తుంది, ఐదు వందల తేనెటీగలు, వెయ్యి...

"నూట నలభై మూడు," అంది అక్క.

కుళాయి కట్టేసింది. అప్పటిదాకా ఆ నీళ్ళ చప్పుడు ఒకటుందని కూడా మాకు తెలీదు.

ఏంటక్కా?

"ఎగిరినవి నూట నలభై నాలుగంటున్నావు. సింకు మూసుకుపోతుందని నేను తొట్టెల్లోంచి చేత్తో ఎత్తినవి నూట నలభై మూడు. సూపర్‌వైజరు ఎదురుగా లెక్కపెట్టించాడు." చేతులు గుడ్డకి తుడుచుకుంటూ మా వైపు తిరిగింది. "మిగిలిన ఒకటి మా పాపకని ఆరబెట్టి తీసుకెళ్ళాను. లెక్కల పుస్తకం అట్టకి అంటించుకుంది. అన్నం మెతుకుతో. నెలయింది, ఇంకా ఊడలేదు."



"నువ్వక్కడ ఉన్నావా?" అని అడిగాను. అడిగాక తెలిసింది, ఆ ప్రశ్న ఎంత సిగ్గుమాలినదో.

"ఉన్నాను. నెత్తికి టోపీ, మూతికి గుడ్డ. నువ్వు నా మొహం చూళ్ళేదులే. నా చేతులే చూశావు."

అక్క అంతకంటే చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.

ఆ రోజు హాల్లో ఏ పిట్టా ఎగరలేదు. అరగంటకి అంచులు ఉబ్బాయి, గంటకి జారాయి, రెండో గంటకి తొట్టెల్లో ఐసు ముక్కల మధ్య నూట నలభై నాలుగు పిట్టలు వెల్లకిలా తేలాయి. సీసాలు బోసిగా నిలబడ్డాయి. హోటళ్ళవాళ్ళు తాగారు, బాగుందన్నారు. పాతిక చీటీల్లో పదిహేడు చీటీల మీద ఒకటే మాట రాశారు, 'పేరు లేనిది' అని. పేరు లేనిదానికి బహుమతి ఎలా ఇస్తారు? ఆ పదిహేడూ పక్కన పెట్టేశారు. పెద్దమ్మ ఒక సీసా తీసుకుని చేతిరుమాలుతో తుడుస్తూ నిలబడింది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు, అయినా తుడుస్తూనే ఉంది.

సూపర్‌వైజరు వచ్చి ఇవెలా ఊడాయన్నాడు. పెద్దమ్మ నా మొహం చూసింది, కోపంగా కాదు, నాకు తెలిసే ఉంటుందన్న నమ్మకంతో. నాకు తెలుసు కూడా. సీసాలు తుడిచి తొట్టెల్లో పెట్టింది సింకు దగ్గరివాళ్ళే. నేను సింకు వైపు గడ్డం ఎగరేసి మూడు మాటలన్నాను: "గట్టిగా రుద్ది ఉంటారు."

అంతే, మూడు మాటలు. పెద్దమ్మ ఆ మాటే కంప్లైంటు రాసి ఇచ్చింది. సింకు దగ్గర ఎవరున్నారో నేను తిరిగి చూడలేదు. మర్నాటి నుంచి రోజుకి నాలుగు టీలు ఆ చేతులు కడిగిన గ్లాసుల్లోనే తాగుతున్నాను.

"నేను చెప్పాను," అన్నాడు మావయ్య, నేల చూస్తూ. "అది పుస్తకాలకి వేసే కాగితంరా, తడి తగలకూడదు, ఒక సీసాకి అంటించి గంటసేపు నీళ్ళల్లో ముంచి చూడు అన్నాను."

చెప్పాడు. ఆ గంట ఆగితే మిషను వేరే పనికి వెళ్ళిపోతుంది, రెండు రోజులు పోతాయి. బొమ్మకి ఎనిమిది సెంటీమీటర్లు కొలిచినవాణ్ణి, చూపుకి రెండు సెకన్లు లెక్కేసినవాణ్ణి, గంట మిగిలిందని సంతోషించాను.

"ఇన్నాళ్ళూ ఊరుకున్నావేం మావయ్యా?"

"నువ్వే చెప్తావని చూశాను. రోజుకో రెక్క కలుపుతున్నావు కానీ..." అని ఆపేశాడు.

"పన్నెండు దాచేవాడు నాలుగు వందలూ దాస్తాడని ఇందాకే ఎవరో అన్నారు," అన్నాడు బాబాయ్. ఆ మాట నాకు పోసిన టీ పక్కనే పెట్టి వెళ్ళాడు.

తేనె ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు. అడుగున రెండు గుక్కలు మిగిలి ఉన్నాయి. "తేనె సీసా జిడ్డు కారుతుంది బాబూ," అన్నారు నెమ్మదిగా. "ఇంట్లో ఆడవాళ్ళు వారానికోసారైనా తడిగుడ్డతో తుడుస్తారు. అప్పుడు నువ్వు వాళ్ళనే అంటావు కదా." లేచి, అక్కకి తలూపి, వీధి దాటి ప్రెస్సులోకి వెళ్ళిపోయారు. నేను ఆపలేదు. ఏ మొహంతో ఆపను?

"పెద్దమ్మ దేనికి చేస్తోంది?" అడిగింది అక్క.

తిట్టడానికైతే ఎత్తేవాణ్ణి అక్కా. మొదటిసారి చేసినప్పుడు ఎత్తాను. వచ్చే ఆదివారం అదే హాల్లో ఇంకో పోటీ ఉందట. "మళ్ళీ అదే లేబుల్ వేయించు బాబూ, నీ బొమ్మ మీద నాకు నమ్మకం, ఈసారి ఆ కడిగేవాళ్ళని సీసాల దగ్గరికి రానివ్వను," అంది. చూస్తాను పెద్దమ్మా అని పెట్టేశాను. అదే కాగితం అయితే మళ్ళీ ఊడుతుంది. వేరే కాగితమంటే ఎందుకని అడుగుతుంది. అప్పట్నుంచీ ఎత్తలేదు.

మావయ్య లేచి ప్రెస్సులోకి వెళ్ళాడు. నా మొహం చూడలేక వెళ్ళాడనుకున్నాను. వెనక్కి వచ్చినప్పుడు చేతిలో ఒక ఖాళీ సీసా, దాని మీద అరచేతంత తెల్లటి ముక్క అంటించి ఉంది, బొమ్మ లేదు, ఉత్త తెలుపు. "ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం. గమ్ము కూడా వేరేది," అన్నాడు. "ఆగుతుందని నేను చెప్పను. ముంచి చూడు."

అక్క గ్లాసులు ముంచే బకెట్లో నీళ్ళు పారబోసి కొత్తవి పట్టింది. బాబాయ్ డబ్బాలోంచి ఐసు తెచ్చి వేశాడు. సీసా ముంచాను. నీళ్ళు మెడదాకా వచ్చాయి, నా చెయ్యి మణికట్టు దాకా జివ్వుమంది. గడియారం చూశాను. గంట ఆగాలి. ఆ రోజు నేను మిగుల్చుకున్న గంట ఇదే.

"ఆ గంట నీళ్ళు చూస్తూ కూర్చుంటావా?" అంది అక్క.

లేదక్కా. పెద్దమ్మకి చెప్తాను. సూపర్‌వైజరుకి కూడా ఆవిడ చేతే చెప్పిస్తాను.

"నా ఎదురుగా చెప్పు. స్పీకరు పెట్టి చెప్పు." బల్లకి ఆ చివర, ఇందాక తేనె ఆయన కూర్చున్న చోట కూర్చుంది. ఆవిడ ఆ బల్ల మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. బాబాయ్ ఇంకో టీ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

ఫోను తీశాను. ముందు ఆ పేరు పక్కన 'ఎత్తకు' అన్నది చెరిపేద్దామనుకున్నాను, అది కూడా ఇంకో నిమిషం దొంగిలించడమే అనిపించి వదిలేశాను. నేను ఎత్తకుండా పదకొండు సార్లు ఆవిడ చేసింది. పన్నెండోది నాది. మూడు మాటలు వెనక్కి తీసుకోవాలంటే ఎన్ని మాటలు కావాలో ఎంత లెక్కేసినా తేలలేదు. బకెట్లో సీసా నిలబడే ఉంది. స్పీకరు పెట్టి, పేరు మీద వేలు వేశాను.